పట్టిక చాటున జరిగే పని
(పర్లాకిమిడిలో డేటాబేస్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. ఈ గదిలో చాలామంది చదువు ఇలాగే సాగింది. నాదీ అంతే. అందుకే ఇవాళ చెప్పేదంతా తెలుగులోనే చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు రావాలని ఆయన పాటుపడ్డారు, తెలుగు పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని పోరాడారు. అలాంటి ఊళ్లో నిలబడి ఎవరికీ ఎక్కని మాటల్లో పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. టేబుల్ (పట్టిక), రో (పట్టికలో ఒక వరుస), ట్రిగ్గర్ లాంటి మాటలు మాత్రం అలాగే ఉంచుతాను, అవి మీ నోటికి అలవాటైనవే.

ట్రిగ్గర్ ఎలా రాయాలో మీ సిలబస్‌లో ఉంది. అది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. రాసిన తర్వాత దాన్ని ఎలా చూసుకోవాలి, అన్నది మాత్రం సిలబస్‌లో ఎక్కడా లేదు. నేను వచ్చింది ఆ రెండో సంగతి చెప్పడానికి.

ముందు ట్రిగ్గర్ అంటే ఏమిటో ఒక్కసారి అనుకుందాం. ధాన్యం గోదాములో ఎలకల బోను పెడతారు కదా. బోను పెట్టినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. రాత్రి ఏ వేళకు ఎలక తగిలినా తలుపు దానంతట అదే పడుతుంది. ట్రిగ్గర్ కూడా అంతే. ఒక టేబుల్లో రో చేరినా, మారినా, పోయినా ఫలానా పని జరగాలని ముందే కట్టిపెడతాం. తర్వాత ఆ టేబుల్‌ను ఎవరు ముట్టుకున్నా, మీ ప్రోగ్రామ్ అయినా, ఎవరో చేత్తో టైపు చేసిన అప్‌డేట్ అయినా, ఆ పని జరిగిపోతుంది. పిలవాల్సిన పని లేదు. దాని బలం ఇదే. ప్రమాదమూ ఇదే. పిలవకుండా వచ్చేది రాకుండా మానేసినా మనకు తెలియదు.

అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

సరిహద్దుకు దగ్గర్లో ఒక ధాన్యం మిల్లు. పేరు చెప్పను. అటు పాతపట్నం వైపు నుంచీ, ఇటు కాశీనగర్ వైపు నుంచీ బళ్లు వస్తాయి. వాళ్ల కాటా లెక్కల సాఫ్ట్‌వేర్ నేను చూసేవాణ్ణి. ఆ లెక్కలు దాచే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్. వచ్చిన ప్రతి బండికి 'రాక' అనే టేబుల్లో ఒక రో. వెళ్లిన సరుకుకు 'పోక' అని ఇంకో టేబుల్. గోదాములో ఏ రకం ఎన్ని బస్తాలు ఉన్నాయో చెప్పే 'నిల్వ' మూడో టేబుల్. రాక మీద రెండు ట్రిగ్గర్లు ఉండేవి. ఒకటి కొత్త రో పడగానే నిల్వలో బస్తాలు కలుపుతుంది. రెండోది ఎవరైనా తూకం దిద్దితే పాత అంకె, కొత్త అంకె, దిద్దినవారి లాగిన్, టైము, ఈ నాలుగూ ఒక లాగ్ టేబుల్లో రాసిపెడుతుంది. పోక మీద ఇంకో ట్రిగ్గర్, అది నిల్వలోంచి తీసివేస్తుంది.

ఒక రాత్రి పాత సంవత్సరాల రికార్డులు ఎక్కించాల్సి వచ్చింది. ఆ సరుకంతా ఎప్పుడో అమ్ముడుపోయింది. ట్రిగ్గర్ ఉండగా ఎక్కిస్తే లేని బస్తాలు నిల్వలో చేరిపోతాయి. అందుకని రాక టేబుల్ మీది ట్రిగ్గర్లన్నిటినీ ఒకే కమాండుతో ఆపాను. 'ఆల్టర్ టేబుల్ రాక డిజేబుల్ ట్రిగ్గర్ యూజర్'. రెండు గంటలు పట్టింది. రోలు లెక్కపెట్టాను, సరిపోయాయి. సిస్టమ్ ఆపి పడుకున్నాను. మళ్లీ ఎనేబుల్ చేయలేదు.

ఏ ఎర్రరూ రాలేదు, అదే అసలు బాధ. పొద్దున్నే కాటా దగ్గర కుర్రాడు బళ్లు తూచాడు, ఎంట్రీలు పడ్డాయి, రసీదులు వచ్చాయి. అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు ఆ మిల్లు గుమాస్తా గారు ఫోన్ చేశారు. పెద్దాయన, ఒక పేజీ ఒడియాలో ఒక పేజీ తెలుగులో చేత్తో పుస్తకం రాసే మనిషి. "బాబూ, ఏటిది, స్వర్ణ రకం మైనస్సులో సూపిస్తంది. గోదాం సూస్తే తలుపు పట్టకుండా ఉంది" అన్నారు. పోక మీది ట్రిగ్గర్ తీసివేస్తూనే ఉంది, రాక మీది ట్రిగ్గర్ కలపడం మానేసింది. అందుకని నిల్వ రోజురోజుకూ తగ్గి చివరికి సున్నా దాటి కిందికి పోయింది.

నిల్వ లెక్క సరిచేయడం గంట పని. తొమ్మిది రోజుల రాక రోలు టేబుల్లోనే ఉన్నాయి, వాటిని కూడి కలిపేశాను. కానీ రెండో ట్రిగ్గర్ సంగతో? ఆ తొమ్మిది రోజుల్లో ఒక రైతు బండి తూకం 41 క్వింటాళ్ల నుంచి 38కి మారింది. రసీదు మీద 41 ఉంది, టేబుల్లో 38 ఉంది. ఎవరు దిద్దారు, ఎప్పుడు, ఎందుకు? లాగ్‌లో ఏమీ లేదు. ఆ సమాధానం ఎక్కడినుంచీ తెచ్చివ్వలేను. రైతు చేతిలో రసీదు ఉంది కాబట్టి మిల్లు 41కే డబ్బు ఇచ్చింది. రసీదు పారేసుకుని ఉంటే? కాటా కుర్రాడి మీద వచ్చిన అనుమానం మాత్రం చాలా రోజులు పోలేదు. అతను చేశాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దానికి కారణం నేను మర్చిపోయిన ఒక్క కమాండు.

ఈ తేడా మనసులో పెట్టుకోండి. కూడి తీసే లెక్కలు పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. పాత విలువ పోతే పోయినట్టే. ఓల్డ్ అనే రో, అంటే మారకముందున్న రో, ట్రిగ్గర్ నడిచే ఆ క్షణంలోనే మన చేతిలో ఉంటుంది, ఆ క్షణం దాటితే లేదు. కాబట్టి లాగ్ రాసే ట్రిగ్గర్ ఆగిపోవడం, మొత్తాలు కట్టే ట్రిగ్గర్ ఆగిపోవడం ఒకటి కాదు. నేను రెండిటినీ ఒకే కమాండుతో ఆపేశాను. ఆపాల్సింది ఒక్కటే, దాని పేరు పెట్టి ఆపి ఉండాల్సింది.

ఇంకా మంచి దారి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్ కూడా ట్రాన్సాక్షన్ లోపల నడుస్తుంది. ట్రాన్సాక్షన్ అంటే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అని మూటగట్టిన పనులు; బిగిన్‌తో మొదలై కమిట్‌తో ఖాయమవుతుంది. బిగిన్ అనండి, ఆ ఒక్క ట్రిగ్గర్ డిజేబుల్ చేయండి, పాత రోలు ఎక్కించండి, ఎనేబుల్ చేయండి, కమిట్ చేయండి. మధ్యలో కరెంటు పోయినా, ఎర్రర్ వచ్చినా మొత్తం వెనక్కి వెళ్తుంది, ట్రిగ్గర్ ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది. ఎక్కించడం, ఎనేబుల్ చేయడం ఒకే స్క్రిప్టులో ఉంటే మర్చిపోవడానికి చోటే లేదు. ఈలోగా ఆ టేబుల్ మీద లాక్ ఉంటుంది, వేరేవాళ్లు రాయలేరు. అందుకే కాటా నడవని వేళ చూసుకోవాలి. ఆ లాక్ మంచిదే. ట్రిగ్గర్ ఆగి ఉన్న సమయంలో ఇంకొకరి రో చొరబడకుండా అది కాపాడుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో పద్ధతీ ఉంది. సెషన్ రెప్లికేషన్ రోల్ అనే సెట్టింగ్‌ను రెప్లికా అని మారిస్తే, ఆ సెషన్ (మనం లాగిన్ అయి ఉన్నంతసేపు) వరకు మాత్రమే మామూలు ట్రిగ్గర్లు నడవవు. సెట్ లోకల్ అని రాస్తే ట్రాన్సాక్షన్ ముగియగానే పాత స్థితి వచ్చేస్తుంది. కానీ జాగ్రత్త. ఫారిన్ కీ అంటే ఒక టేబుల్లో రాసిన నంబరు ఇంకో టేబుల్లో నిజంగా ఉందా అని చూసే కాపలా. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీలను కూడా లోపల ట్రిగ్గర్లతోనే నడుపుతుంది. ఈ సెట్టింగ్ పెడితే ఆ కాపలా కూడా పోతుంది. లేని రైతు నంబరుతో రోలు పడిపోతాయి, ఎవరూ అడ్డుచెప్పరు. 'డిజేబుల్ ట్రిగ్గర్ ఆల్' అన్నా అంతే, అందుకే దానికి సూపర్‌యూజర్ హక్కు, అంటే అన్నిటికంటే పెద్ద హక్కు, అడుగుతుంది. యూజర్ అంటే మనం రాసిన ట్రిగ్గర్లు మాత్రమే, ఆల్ అంటే లోపలివి కూడా. ఆ రెండు మాటలకూ ఉన్న దూరం చిన్నది కాదు.

వేరే డేటాబేసుల సంగతి వేరు. ఒరాకిల్‌లో ట్రిగ్గర్ ఆపే కమాండు వెంటనే దానంతట అదే కమిట్ అయిపోతుంది. ట్రాన్సాక్షన్‌లో చుట్టిపెట్టే వీలు లేదు. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలంగా ఆపడం అనేదే లేదు, డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేస్తారు. అలా చేసేటప్పుడు ట్రిగ్గర్ రాసిన ఫైలు చేతిలో లేకపోతే డ్రాప్ చేశాక తల పట్టుకోవాల్సిందే. కొందరు ట్రిగ్గర్ మొదటి వరుసలోనే ఒక సెషన్ వేరియబుల్ చూసి, అది పెట్టి ఉంటే ఏమీ చేయకుండా బయటికొచ్చేలా రాస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, ఎందుకంటే సెషన్ మూసేయగానే ఆ మినహాయింపు కూడా పోతుంది.

ఇన్ని డేటాబేసుల్లో ఇన్ని తేడాలు ఎందుకని మీకు అనిపించవచ్చు. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేసులతో మాట్లాడే భాష, దాని ప్రమాణంలో ట్రిగ్గర్లు చేరింది 1999లో. అప్పటికే పెద్ద కంపెనీలు తమ తమ పద్ధతిలో ట్రిగ్గర్లు పెట్టేసుకున్నాయి. మైఎస్‌క్యూఎల్‌కు 5.0 వెర్షన్‌తో, 2005లో వచ్చాయి. అందుకే ఒకచోట నేర్చుకున్న అలవాటును ఇంకోచోటికి కళ్లుమూసుకుని తీసుకెళ్లకూడదు.

ఆ తేడాల్లో మనుషుల్ని ఎక్కువగా దెబ్బతీసేవి రెండు మూడు చెబుతాను.

జీఎస్టీ రాకముందు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు వరసకట్టి ఆగడం మీ ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గేటు ఎత్తకముందు కాగితాలు చూడటం ఒక పని. గేటు దాటాక రిజిస్టరులో రాసుకోవడం ఇంకో పని. బిఫోర్ ట్రిగ్గర్ మొదటిది, ఆఫ్టర్ ట్రిగ్గర్ రెండోది. వస్తున్న రోను దిద్దాలన్నా, ఆపాలన్నా బిఫోర్. జరిగిపోయినదాన్ని రాసుకోవాలంటే ఆఫ్టర్. లాగ్‌ను బిఫోర్‌లో రాయకండి. మీ తర్వాత నడిచే ఇంకో బిఫోర్ ట్రిగ్గర్ ఆ రోను మార్చేయవచ్చు, అప్పుడు లాగ్‌లో ఒకటి, టేబుల్లో ఒకటి ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో బిఫోర్ రో ట్రిగ్గర్ నల్ (ఖాళీ) తిరిగి ఇస్తే ఆ రో చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎర్రర్ రాదు, సున్నా రోలు చేరాయని మాత్రం వస్తుంది. దాన్ని ఎవరు చదువుతారు? ఆపాలంటే ఎక్సెప్షన్ ఎత్తండి, అంటే ఎర్రర్ వచ్చేలా చేయండి, ఎందుకు ఆపారో మాటల్లో రాయండి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే దానికి సిగ్నల్ అనే కమాండు ఉంది, స్టేట్ 45000.

ఇక లారీలు ఒక్కొక్కటే వస్తాయా, పది కలిసి ఒకే పర్మిట్ మీద వస్తాయా? మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గర్ ప్రతి రోకూ ఒకసారి నడుస్తుంది, వేరే దారి లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో ఒక స్టేట్‌మెంట్‌కు, అంటే మనం ఇచ్చిన ఒక ఆదేశానికి, ఒకసారే నడుస్తుంది. ఇన్సర్టెడ్, డిలీటెడ్ అనే రెండు టేబుళ్లలో రోలన్నీ కలిసి ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ అలవాటుతో వచ్చినవాళ్లు ఇన్సర్టెడ్ నుంచి ఒక విలువ తీసి వేరియబుల్‌లో పెట్టుకుంటారు. ఒక రోతో పరీక్షిస్తే చక్కగా నడుస్తుంది. ఆఫీసులో ఎవరో ఒకే అప్‌డేట్‌తో అయిదు రకాల ధాన్యం ధర మారుస్తారు. లాగ్‌లో ఒకే రకం కనిపిస్తుంది. మిగతా నాలుగు ఎక్కడా ఉండవు. కాబట్టి ఏ ట్రిగ్గర్ రాసినా మూడు పరీక్షలు చేయండి. ఒక రోతో, చాలా రోలతో, ఒక్క రో కూడా దొరకని అప్‌డేట్‌తో. బిగిన్ చేసి, పరీక్షించి, రోల్‌బ్యాక్ చేసేయండి, అంటే చేసిందంతా వెనక్కి తీసేసుకోండి, డేటా పాడవదు.

పోస్ట్‌గ్రెస్‌లో రెండు రకాలూ రాయవచ్చు. లక్ష రోలు ఒకేసారి ఎక్కిస్తే రో ట్రిగ్గర్ ఫంక్షన్ లక్షసార్లు నడుస్తుంది. 10వ వెర్షన్ నుంచి స్టేట్‌మెంట్ ట్రిగ్గర్‌లో కూడా మారిన రోలన్నిటినీ ఒక టేబుల్‌లా చూడవచ్చు. ట్రాన్సిషన్ టేబుల్ అంటారు. నిల్వ లాంటి మొత్తాలకు అదే సరైనది. లక్షసార్లు ఒక్కొక్క బస్తా కలపడం కంటే ఒకసారి కూడి కలపడం మేలు కదా.

మూడోది, ట్రిగ్గర్ పక్కనుంచి వెళ్లిపోయే దారులు. ట్రిగ్గర్ ఉంది కాబట్టి ఏదీ తప్పించుకోదని నమ్ముతాం. టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేసే ట్రంకేట్ కమాండు ఇస్తే డిలీట్ ట్రిగ్గర్ నడవదు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రంకేట్‌కు విడిగా ట్రిగ్గర్ రాసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్ (ఫైలులోంచి రోలన్నీ ఒక్కసారిగా ఎక్కించడం) చేస్తే ట్రిగ్గర్లు నడవమని మనం అడిగితేనే నడుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ అనే రకం టేబుళ్లలో ఫారిన్ కీ క్యాస్కేడ్ (ఒక రో పోతే దానికి ముడిపడ్డ రోలు కూడా పోవడం) వల్ల పోయే రోలకు డిలీట్ ట్రిగ్గర్ నడవకపోవడం ఎన్నో ఏళ్లుగా ఉన్న సంగతి. రైతు రికార్డు తీసేస్తే అతని బళ్ల రికార్డులూ పోతాయి, లాగ్‌లో వాటి జాడ ఉండదు. డబ్బు లెక్కల టేబుళ్ల మీద క్యాస్కేడ్ డిలీట్ పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ట్రిగ్గర్ ఉన్నా లేకపోయినా సరే.

ఒక టేబుల్ మీద ఒకే పనికి రెండు మూడు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు? పోస్ట్‌గ్రెస్‌లో పేరును బట్టి, అక్షరక్రమంలో. అంటే పేరు మార్చితే పని వరస మారిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి ఒకే రకం ట్రిగ్గర్లు ఒకటికి మించి పెట్టవచ్చు, సృష్టించిన వరసలో నడుస్తాయి, ఫాలోస్, ప్రిసీడ్స్ అని వరస మార్చుకోవచ్చు. నా అలవాటు పేరులోనే అంకె పెట్టడం. 'రాక_10_శుభ్రం', 'రాక_50_నిల్వ', 'రాక_90_లాగ్', ఇలా. మధ్యలో ఇంకోటి వస్తే 60 అని పెట్టవచ్చు. పేరు చూడగానే ఏ టేబుల్, ఏ వరస, ఏం పని అని మూడూ తెలియాలి. అసలైతే వరస మీద ఆధారపడే ట్రిగ్గర్లు రెండు ఉన్నాయంటే, వాటిని ఒకటిగా కలపవచ్చేమో ముందు చూడండి.

ట్రిగ్గర్ చేసే పని ఇంకో ట్రిగ్గర్‌ను లేపడం, అది మళ్లీ మొదటిదాన్ని లేపడం కూడా జరుగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 32 మెట్ల దగ్గర ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గర్ తన టేబుల్‌నే మార్చబోతే 1442 అనే ఎర్రర్. ఒరాకిల్‌లో రో ట్రిగ్గర్ తన టేబుల్‌ను చదవబోయినా మ్యుటేటింగ్ టేబుల్ అని 04091 ఎర్రర్ ఇస్తుంది. 11జీ వెర్షన్ నుంచి కాంపౌండ్ ట్రిగ్గర్ వచ్చింది, దాంతో రోల వివరాలు పోగుచేసుకుని చివర ఒకేసారి పని చేయవచ్చు. ఈ ఎర్రర్లు వస్తే తిట్టుకోకండి, అవి మీకు మేలే చేస్తున్నాయి. పోస్ట్‌గ్రెస్ అంత తొందరగా ఆపదు, స్టాక్ (దానికి కేటాయించిన మెమరీ) నిండేదాకా తిరుగుతుంది. పీజీ ట్రిగ్గర్ డెప్త్ అనే ఫంక్షన్ ఎన్నో మెట్టు మీద ఉన్నామో చెబుతుంది. కానీ దాన్ని వాడాల్సి వచ్చిందంటే నేను ముందు డిజైన్‌నే అనుమానిస్తాను.

వెనకాల కూర్చున్న అమ్మాయి ఏదో అడుగుతోంది. చెప్పమ్మా. బండి దిగగానే రైతుకు ఎస్సెమ్మెస్ వెళ్లాలంటే ట్రిగ్గర్‌లో పెట్టవచ్చా అని. మంచి ప్రశ్న. పెట్టవద్దు. ట్రిగ్గర్ ట్రాన్సాక్షన్ లోపల నడుస్తుంది. తర్వాత ఏదో తేడా వచ్చి రోల్‌బ్యాక్ అయితే టేబుల్లో రో ఉండదు, రైతు ఫోన్‌లో మెసేజ్ మాత్రం ఉంటుంది. వెళ్లిన మెసేజ్‌ను వెనక్కి తెచ్చే రోల్‌బ్యాక్ లేదు. ఇంకో సంగతి, ఇక్కడ సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మెసేజ్ కంపెనీ సర్వర్ జవాబు ఇవ్వడానికి 20 సెకన్లు తీసుకుంటే, కాటా ఎంట్రీ కూడా 20 సెకన్లు ఆగుతుంది, లాకులతో సహా. దానికి బదులు ట్రిగ్గర్ చేత 'పంపవలసినవి' అనే టేబుల్లో ఒక రో రాయించండి. ఫోన్ నంబరు, ఒడియాలోనా తెలుగులోనా, పంపామా లేదా. రోల్‌బ్యాక్ అయితే ఆ రో కూడా పోతుంది. వేరే ప్రోగ్రామ్ నిమిషానికోసారి వచ్చి ఆ టేబుల్ చూసి పంపుతుంది. సిగ్నల్ లేకపోతే తర్వాత పంపుతుంది.

దీంతో కలిపి ఇంకో మాట. ట్రిగ్గర్‌లో పెట్టకూడనివి చాలా ఉన్నాయి. తూకం సున్నా కంటే ఎక్కువ ఉండాలా? చెక్ కన్‌స్ట్రయింట్, అంటే టేబుల్ మీద పెట్టే షరతు, చాలు. ఎంట్రీ టైము దానంతట అదే పడాలా? డిఫాల్ట్ చాలు. నికర బరువు అంటే మొత్తం బరువులోంచి బండి బరువు తీసేయడమే కదా, పోస్ట్‌గ్రెస్ 12 నుంచి దానంతట అదే లెక్క కట్టుకునే జనరేటెడ్ కాలమ్ ఉంది. మన దగ్గర ఊళ్ల పేర్ల సమస్య ఉంది. ఒకే ఊరిని ఒకరు పర్లాకిమిడి అని, ఒకరు పారలాఖెముండి అని, ఇంకొకరు కిమిడి అని టైపు చేస్తారు. దాన్ని దిద్దడానికి నేను ఒకప్పుడు పెద్ద ట్రిగ్గర్ రాశాను, వారానికో కొత్త స్పెల్లింగ్ వచ్చేది. చివరికి ఊళ్లకు ఒక టేబుల్ చేసి, ఫారిన్ కీ పెట్టి, స్క్రీన్‌లో లిస్టు ఇచ్చాక గానీ ఆ బాధ తీరలేదు. ఆ ట్రిగ్గర్ తీసేసిన రోజు నాకు చాలా తేలిగ్గా అనిపించింది. డేటాబేస్ తనంతట తాను చేయగల కాపలాకు ట్రిగ్గర్ రాయకండి. ఏ దారిన వచ్చినా తప్పక జరగాల్సిన పని, కన్‌స్ట్రయింట్‌తో చెప్పలేని పని, అది మాత్రం ట్రిగ్గర్‌కు ఇవ్వండి. తూకం దిద్దుబాటు లాగ్ అలాంటిది.

ఇప్పుడు నిర్వహణకు వద్దాం. మీరు కొత్త ఉద్యోగంలో చేరారు, ఎవరో కట్టిన డేటాబేస్ అప్పజెప్పారు. మొదటి రోజే ట్రిగ్గర్ల జాబితా తీయండి. మైఎస్‌క్యూఎల్‌లో షో ట్రిగ్గర్స్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్ డాట్ ట్రిగ్గర్స్. ఒరాకిల్‌లో యూజర్ ట్రిగ్గర్స్. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ట్రిగ్గర్ అనే కేటలాగ్. ప్రతిదాని ఎదుట మూడు సంగతులు తెలుగులోనైనా సరే రాయండి: ఏం చేస్తుంది, ఎందుకు పెట్టారు, ఆగిపోతే మొదట ఎవరికి తెలుస్తుంది. మూడోది రాయడానికే కష్టం. మిల్లు విషయంలో దానికి జవాబు గుమాస్తా గారు, అది కూడా తొమ్మిది రోజుల తర్వాత.

ట్రిగ్గర్ కోడ్ డేటాబేస్‌లో మాత్రమే ఉండకూడదు. మిగతా ప్రోగ్రామ్‌తో పాటు గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే చోట) ఫైలుగా ఉండాలి. మార్చాలంటే ఫైలు మార్చి, అక్కడినుంచి ఎక్కించాలి. అర్ధరాత్రి సర్వర్‌లో నేరుగా దిద్దిన ట్రిగ్గర్ గురించి మర్నాటికి దిద్దినవాడికే గుర్తుండదు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి క్రియేట్ ఆర్ రీప్లేస్ ట్రిగ్గర్ ఉంది, అదే ఫైలు ఎన్నిసార్లు ఎక్కించినా ఇబ్బంది లేదు.

బ్యాకప్ విషయం. మైఎస్‌క్యూఎల్ డంప్ తీస్తే ట్రిగ్గర్లు వాటంతట అవే వస్తాయి. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రామ్ ముక్కలు) మాత్రం రొటీన్స్ అని అడిగితేనే వస్తాయి. మీ ట్రిగ్గర్ ఒక ప్రొసీజర్‌ను పిలుస్తుంటే, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టినప్పుడు ట్రిగ్గర్ ఉంటుంది, అది పిలిచేది ఉండదు. మొదటి ఇన్సర్ట్‌కే ఆగిపోతారు. డిఫైనర్ అని ఇంకోటి ఉంది. మైఎస్‌క్యూఎల్ ట్రిగ్గర్‌ను సృష్టించినవారి లాగిన్ దాని మీద ఉండిపోతుంది, వారి హక్కులతోనే అది నడుస్తుంది. పాత ఉద్యోగి మానేశాడని అతని లాగిన్ తీసేస్తే, మర్నాడు కాటా దగ్గర ఎంట్రీ పడదు, 1449 అని వస్తుంది. ట్రిగ్గర్లను మనుషుల పేర్ల మీద కాకుండా, అందుకోసమే పెట్టిన ఒక లాగిన్‌తో సృష్టించండి. తక్కువ హక్కులున్న లాగిన్ అయితే ఇంకా మంచిది.

ఇక రోజూ చేయాల్సింది. మిల్లు సంగతి తర్వాత నేను రెండు ఏర్పాట్లు చేశాను. ఒకటి, రోజూ పొద్దున ఆరింటికి ఆగి ఉన్న ట్రిగ్గర్లను వెతికే ప్రశ్న, అంటే క్వెరీ, ఒకటి నడుస్తుంది. ఒక్కటి దొరికినా నా ఫోన్‌కు మెసేజ్. రెండు, ఆ పాత రికార్డులు పక్కనపెట్టి, రాక మొత్తంలోంచి పోక మొత్తం తీసేస్తే నిల్వ రావాలి కదా, ఆ లెక్కను కూడా ఇంకో క్వెరీ రోజూ ట్రిగ్గర్‌తో సంబంధం లేకుండా విడిగా కడుతుంది. మొదటిది ట్రిగ్గర్ ఉందా లేదా చెబుతుంది. రెండోది అది చేయాల్సిన పని చేసిందా లేదా చెబుతుంది. ఈ రెండోది నాకు నేర్పింది గుమాస్తా గారే. ఆయన ప్రతి సాయంత్రం పుస్తకంలో అటు కూడి, ఇటు కూడి, రెండూ కలిశాక గానీ కలం మూయరు. కంప్యూటర్ వచ్చినా ఆ అలవాటు మానలేదు. ఆయన మానలేదు కాబట్టే ఆ రోజు తప్పు బయటపడింది.

ట్రిగ్గర్లు వద్దనే అన్నట్టుంది సార్, అంటున్నాడు ఈ బాబు. లేదు. ఆ రైతు రసీదు గుర్తుందా? ట్రిగ్గర్ నడుస్తూ ఉంటే ఆ 41 ఎవరి లాగిన్‌తో, ఎప్పుడు 38 అయిందో రెండు నిమిషాల్లో తేలిపోయేది. కుర్రాడి మీద అనుమానం వచ్చేదే కాదు, లేకపోతే రుజువయ్యేది. నాకు ట్రిగ్గర్లంటే ఇష్టం. అందుకే వాటిని గాలికి వదిలేయవద్దని ఇంతసేపు చెబుతున్నాను.

సరే, ఇక మీ సిస్టమ్‌లు తెరవండి. మీకు ఇచ్చిన డేటాబేస్‌లో ఏడు ట్రిగ్గర్లు ఉన్నాయి, రెండిటిని నేను పొద్దున్నే ఆపి ఉంచాను. బోర్డు మీద రాసిన క్వెరీ టైపు చేయండి. పీజీ ట్రిగ్గర్ నుంచి పేరు, టేబుల్, టీజీ ఎనేబుల్డ్ అనే కాలమ్ తీయండి. లోపలి ట్రిగ్గర్లు రాకుండా టీజీ ఈజ్ ఇంటర్నల్ ఫాల్స్ అని పెట్టడం మర్చిపోకండి. ఓ అని వస్తే నడుస్తోంది, డి అని వస్తే ఆగి ఉంది. డి దొరికినవాళ్లు వెంటనే ఎనేబుల్ చేయకండి. ఆగి ఉన్న కాలంలో ఎన్ని రోలు పడ్డాయో, వాటిలో ఏవి మళ్లీ కట్టుకోవచ్చో, ఏవి కట్టుకోలేమో ముందు కాగితం మీద రాయండి. రాశాక చెయ్యెత్తండి, నేను మీ దగ్గరికి వస్తాను.